సంతకం ఎవరి అవసరం?

వాకాడు మండలంలోని దుగరాజపట్నం పేరు ఇవాళ ఎక్కువగా వినిపించేది రాకుండా పోయిన ఓడరేవు సందర్భంలోనే. నాలుగు వందల ఏళ్ల కిందట ఆ ఒడ్డున కాలు మోపడానికి ఈస్టిండియా కంపెనీ బతిమాలుకోవలసి వచ్చింది. మచిలీపట్నంలో గోల్కొండ అధికారులతో పడక, పులికాట్‌లో పాతుకుపోయిన డచ్చివాళ్లను కదిలించలేక, 1626 ప్రాంతంలో ఆంగ్లేయ వర్తకులు ఇక్కడికొచ్చి, స్థానిక నాయకుడి అనుమతితో గిడ్డంగి వేసుకున్నారు. వాళ్ల చిట్టాల్లో ‘ఆర్మగాన్’ అని ఉన్నది ఈ ఊరే. కోరమాండల్ తీరంలో వాళ్లు కోట కట్టుకున్న మొదటి చోటూ ఇదే. వ్యాపారం అనుకున్నట్టు సాగక, 1639లో ఫ్రాన్సిస్ డే ఇంకా దక్షిణానికి వెళ్లి దామెర్ల వెంకటప్ప నాయకుడితో బేరం కుదుర్చుకున్నాడు. కోట కట్టుకునే హక్కు కంపెనీకి, రేవు రాబడిలో సగం నాయకుడికి. మద్రాసు అలా పుట్టింది. కంపెనీకి చోటు కావాలి, నాయకుడికి రాబడి కావాలి, కనుక కాగితం రాసుకున్నారు.

1835 నాటికి కథ మారింది. దుగరాజపట్నానికి దక్షిణాన, పులికాట్ సరస్సుకీ సముద్రానికీ నడుమ పరుచుకున్న శ్రీహరికోట అడవి మద్రాసు పట్నానికి వంటచెరకుగా పనికొస్తుందని మద్రాసు ప్రభుత్వం ఆ ద్వీపాన్ని చేతిలోకి తీసుకుంది. ఆ అడవిలో తేనె తీసుకుని, దుంపలు తవ్వుకుని, అద్దకానికి ఎర్రరంగునిచ్చే చిరివేరు సేకరించుకుని బతికే యానాదులు ఉన్నారు. వాళ్లను ఎవరూ అడగలేదు. వాళ్లు తెచ్చిన అడవి సరుకు ప్రభుత్వం పుచ్చుకుని, బదులుగా గింజలో గుడ్డలో ఇచ్చే పద్ధతి పెట్టింది. తరతరాలుగా తమదైన అడవిలో వాళ్లు ఒక్కసారిగా కూలివాళ్లయ్యారు. బేరం లేదు, కౌలు లేదు, సగం రాబడి మాట అసలే లేదు.

రెండు వందల ఏళ్ల తేడాలో ఒకే కంపెనీ ఒకే తీరంలో ఒకరితో ఎందుకు సంతకం చేసింది, ఇంకొకరితో ఎందుకు చేయలేదు? ఈ ప్రశ్నకు మన దగ్గర చెలామణీలో ఉన్న జవాబులు మూడు. మూడూ తప్పే.

మొదటి జవాబు ప్రభుత్వాల దయ. ఆదివాసులతో ఒప్పందం చేసుకున్న ప్రభుత్వాలు మనసున్న ప్రభుత్వాలనీ, చేసుకోనివి రాతిగుండెవనీ చెప్పే కథ ఇది. రెండోది ఆదివాసుల అమాయకత్వం. చదువు రానివాళ్లు, గాజుపూసలకు ఆశపడి, ఏం రాశారో తెలియకుండా వేలిముద్ర వేశారని సానుభూతి చూపేవాళ్లు కూడా అంటుంటారు. మూడోది మన దేశపు ప్రత్యేక జవాబు. ఒడంబడికలన్నీ అమెరికా, కెనడా, న్యూజిలాండుల గొడవ అనీ, మనకు రాజ్యాంగం ఉందనీ, పైగా యానాదుల్లాంటి వాళ్లకు రాజు లేడు, పెద్ద లేడు, ఎవరితో సంతకం చేయించుకోవాలనీ వాదిస్తుంది ఇది. చూడటానికి వేర్వేరుగా ఉన్నా మూడింటి మూలం ఒకటే. మూడూ ఆదివాసిని పుచ్చుకునేవాడిగానో, మోసపోయేవాడిగానో, లెక్కలో లేనివాడిగానో చూస్తాయి. బేరమాడగలిగిన మనిషిగా చూడవు.

దయ సంగతి ముందు చూద్దాం. 1840 ఫిబ్రవరి 6న న్యూజిలాండులోని వైతాంగి దగ్గర కెప్టెన్ విలియం హాబ్సన్ బ్రిటిష్ రాణి తరఫున మావోరీ పెద్దలతో ఒడంబడిక చేసుకున్నాడు. అప్పటికి అక్కడి యూరపువాళ్లు రెండు వేల మంది. మావోరీలు డెబ్భై, ఎనభై వేలకు తక్కువ లేరు, చేతుల్లో తుపాకులున్నాయి. బ్రిటన్ దగ్గర ఆ దీవుల్లో చెప్పుకోదగిన సైన్యం లేదు. ఫ్రెంచివాళ్లు కన్నేశారన్న భయం ఒకపక్క, ఇష్టమొచ్చినట్టు భూములు కొనేస్తున్న సొంత దేశపు కంపెనీలు ఇంకోపక్క. ఆ పరిస్థితిలో సంతకం తప్ప వేరే దారి చవకగా దొరకదు.

అయిదేళ్ల ముందు, శ్రీహరికోట చేతులు మారిన ఆ 1835లోనే, ఆస్ట్రేలియాలో జాన్ బ్యాట్‌మన్ అనే పశువుల ఆసామి ఇప్పటి మెల్‌బోర్న్ ప్రాంతపు పెద్దలతో దుప్పట్లకీ కత్తులకీ పిండికీ బదులుగా లక్షల ఎకరాలు రాయించుకున్నానని ప్రకటించాడు. గవర్నర్ బోర్క్ ఆగస్టులో ఆ ఒప్పందం చెల్లదన్నాడు. బ్యాట్‌మన్ మోసం చేశాడని మాత్రం అనలేదు. ఆ భూమి ముందే బ్రిటిష్ రాజ్యానిదనీ, అక్కడివాళ్లకు అమ్మే హక్కే లేదనీ అన్నాడు. ఆ రెండు నిర్ణయాలూ ఒకే సామ్రాజ్యానివి, ఒకే తరం అధికారులవి. న్యూజిలాండులో వాళ్ల దయ పొంగిందా, ఆస్ట్రేలియాలో ఎండిందా? ఒకచోట ఎదురు నిలబడగలిగిన జనం ఉన్నారు, ఇంకోచోట అలాంటి ఎదురుదెబ్బ తగులుతుందని అధికారులు అనుకోలేదు.

అమెరికా ఇంకా మొరటుగా రుజువు చేసింది. 1866లో లకోటా నాయకుడు రెడ్ క్లౌడ్ బోజ్‌మన్ దారి మీద కట్టిన సైనిక కోటలపై యుద్ధం మొదలుపెట్టాడు. రెండేళ్లు పోరాడి గెలవలేక అమెరికా ప్రభుత్వం 1868లో ఫోర్ట్ లారమీ ఒడంబడికకు ఒప్పుకుంది. కోటలు ఖాళీ చేసి పోయేదాకా రెడ్ క్లౌడ్ సంతకానికి రాలేదు. సైన్యం వెళ్లిపోయి, కోటలు తగలబడ్డాక, నవంబరులో వచ్చి సంతకం పెట్టాడు. మూడేళ్లు తిరిగాయి. అప్పటికి సుమారు 370 ఒడంబడికలు ఆమోదించుకున్న అమెరికా, 1871లో ఇక ఏ తెగతోనూ కొత్తది చేసుకోబోమని చట్టం చేసింది. రైళ్లు పడమటికి చేరాయి, తెగలకు తిండి పెట్టే అడవిదున్నలు అంతరిస్తున్నాయి, వలసవాళ్లు నిండుతున్నారు. అవసరం తీరిపోయింది, కలం మూతపడింది.

ఇక అమాయకత్వం. జాలిపడేవాళ్లు చెప్పినా, మోసం చేసినవాళ్లు చెప్పినా ఈ మాటలో అవమానం మారదు.

1876లో పశ్చిమ కెనడాలో, ఫోర్ట్ కార్ల్‌టన్ దగ్గర, క్రీ జాతి పెద్దలు ప్రభుత్వ ప్రతినిధి అలెగ్జాండర్ మోరిస్‌తో ఆరో నంబరు ఒడంబడిక మీద రోజుల తరబడి వాదించారు. దున్నలు తగ్గిపోతున్నాయని వాళ్లకు తెలుసు. మశూచితో ఊళ్లు తుడిచిపెట్టుకుపోయిన సంగతి కళ్లారా చూశారు. అందుకని భూమి మాటతో సరిపెట్టుకోలేదు. ప్రభుత్వ అధికారి ఇంట్లో మందుల పెట్టె ఉంచాలని, కరువో మహమ్మారో వస్తే ఆదుకోవాలని, సేద్యానికి పనిముట్లూ పశువులూ ఇవ్వాలని పట్టుబట్టి రాయించుకున్నారు. ముందు కుదిరిన అయిదు ఒడంబడికల్లో ఈ మందుల పెట్టె షరతు లేదు. పౌండ్‌మేకర్ అనే యువనాయకుడు భూమి ఇవ్వడానికే వీల్లేదని వాదించాడు. మిస్తవాసిస్, అతాకకూప్ అనే పెద్దలు రాబోయే ఆకలిని తలచుకుని సంతకమే మేలన్నారు. సభలో రెండు వైపులా నిలబడి ఇలా వాదించుకునేవాళ్లను ఏమీ తెలియనివాళ్లని ఎలా అంటాం? ఆ మందుల పెట్టెను పట్టుకుని ఈనాటి ఆరోగ్య సేవల హక్కు కోసం కెనడా కోర్టుల్లో కేసులు నడిచాయి.

కెనడా ప్రభుత్వానికీ లెక్కలున్నాయి. సరిహద్దుకు దక్షిణాన అమెరికా ఇండియన్ యుద్ధాలకు ఏటా ధారపోసే సొమ్ము కెనడా మొత్తం బడ్జెట్టుకు సాటి వచ్చేదని చరిత్రకారులు తరచు గుర్తుచేస్తారు. పసిఫిక్ దాకా రైలుమార్గం వేస్తామని బ్రిటిష్ కొలంబియాకు 1871లో మాటిచ్చారు. దారిలో యుద్ధం వస్తే రైలూ ఉండదు, దేశమూ ఉండదు. 1763 రాజశాసనం ప్రకారం తెగల భూమి రాజ్యం ద్వారా తప్ప చేతులు మారకూడదు. అంటే పక్కా దస్తావేజు కావాలన్నా సంతకమే కావాలి. ఒకరికి యుద్ధం తప్పించుకునే అవసరం, ఇంకొకరికి ఆకలి తప్పించుకునే అవసరం. ఈ రెండూ కలిసినచోట ఒడంబడిక కుదిరింది.

వైతాంగి ఒడంబడిక మీదా అయిదు వందల మందికి పైగా మావోరీ పెద్దలు సంతకం చేస్తే, వైకాటోకు చెందిన తె వెరోవెరో లాంటి పేరున్నవాళ్లు చేయలేదు. అర్థం కాకపోతే కాదనడం ఉండదు. ఒప్పుకున్నవాళ్లకూ కారణాలున్నాయి. రేవుల్లో ఎవరి మాటా వినని తెల్ల నావికులను అదుపు చేసేవాళ్లు కావాలి, వ్యాపారం కావాలి, తమలో తాము చేసుకున్న తుపాకీ యుద్ధాల తర్వాత కాస్త నెమ్మది కావాలి.

మోసాలు జరగలేదని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. జరిగాయి, లెక్కలేనన్ని. లకోటాలకు రాసిచ్చిన నల్లకొండల్లో 1874లో బంగారం కనబడగానే ఫోర్ట్ లారమీ ఒడంబడికను తుంగలో తొక్కి 1877లో ఆ కొండలు లాక్కున్నారు. క్రీలకు రాసిచ్చిన కరువు సాయం అసలు కరువులో సరిగా అందలేదు. అయితే మాట తప్పినవాడి నేరాన్ని మాట తీసుకున్నవాడి తెలివితక్కువతనం కింద జమకట్టడం ఏం న్యాయం? అప్పు ఎగ్గొట్టిన పెద్దమనిషిని వదిలేసి, అప్పిచ్చినవాణ్ణి వెర్రివాడనడం లాంటిదే ఇది.

మాట తప్పారు కదా, అలాంటప్పుడు కాగితానికి విలువేముందని నిరాశావాదులు అడుగుతారు. విలువ ఎంతో అంకెల్లోనే చూడొచ్చు. నల్లకొండలు లాక్కోవడం అన్యాయమని 1980లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చి, వడ్డీతో కలిపి పది కోట్ల డాలర్లకు పైగా పరిహారం నిర్ణయించింది. లకోటాలతో కూడిన సూ జాతివాళ్లు డబ్బు ముట్టుకోలేదు. కొండలే కావాలన్నారు. ఆ సొమ్ము పెరిగి వంద కోట్ల డాలర్లు దాటినా వాళ్ల మాట మారలేదు. కెనడాలో 1850 నాటి రాబిన్సన్ హ్యూరాన్ ఒడంబడిక ప్రకారం భూమి రాబడి పెరిగేకొద్దీ తెగలకిచ్చే ఏటి సొమ్ము పెరగాలి. 1875 నుంచి తలకు నాలుగు డాలర్ల దగ్గరే ఆపేశారు. ఆ పాత కాగితాన్ని పట్టుకుని కోర్టుకెక్కితే, 2023లో ప్రభుత్వాలు పాత బకాయి కింద వెయ్యి కోట్ల కెనడా డాలర్లకు రాజీకి వచ్చాయి. న్యూజిలాండు 1975లో వైతాంగి ట్రిబ్యునల్ పెట్టింది. 1995లో వైకాటో తెగకు 17 కోట్ల డాలర్ల పరిహారంతో పాటు రాజ్యం తరఫున క్షమాపణ కూడా దక్కింది.

తీరంలో చేపల మీద బతికేవాళ్లకు అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ అమెరికా వాయవ్య మూల వాషింగ్టన్ రాష్ట్రం. 1854, 1855లలో గవర్నర్ ఐజాక్ స్టీవెన్స్ అక్కడి తెగలతో వరసగా ఒప్పందాలు చేసుకున్నాడు. భూమి చాలావరకు పోయింది. కానీ అలవాటైన చోట్ల చేపలు పట్టే హక్కు తమకు ఉండాలని వాళ్లు రాయించుకున్నారు. వందేళ్ల తర్వాత ఆ చోట్ల వల వేసినందుకు పోలీసులు అరెస్టులు చేశారు, వలలు లాక్కున్నారు. చివరికి 1974లో జడ్జి జార్జి బోల్ట్ పాత కాగితం చదివి, పట్టదగిన సాల్మన్ చేపల్లో సగం దాకా తెగల వాటా అని తీర్పిచ్చాడు. 1979లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఆ ఒక్క వాక్యం రాయించుకోకపోయి ఉంటే జడ్జికి చదవడానికి ఏమీ ఉండేది కాదు. పులికాట్ ఒడ్డున యానాదికి లేనిది సరిగ్గా అదే వాక్యం.

మూడో జవాబులోని ‘పెద్ద లేడు’ అనే ముక్కకు స్టీవెన్సే సమాధానం. కొన్ని తెగల్లో అందరి తరఫునా మాట్లాడే ఒక్క నాయకుడు అతనికి కనబడలేదు. ఏం చేశాడు? ఊళ్లను గుంపులుగా కలిపి, తానే కొందరిని నాయకులుగా నియమించి సంతకాలు చేయించుకున్నాడు. ప్రభుత్వానికి సంతకం కావాలంటే పెద్దను పుట్టించుకోగలదు. అక్కర్లేకపోతే ఎదురుగా ఉన్న పెద్ద కూడా కనబడడు. రాజులు లేని జనం కట్టుబాటు చేసుకోలేరన్న మాట పులికాట్ దగ్గర అసలు నిలవదు. ఆ సరస్సులో ఏ రేవు దగ్గర ఏ ఇంటివాళ్లు ఎప్పుడు వల వేయాలో వంతులూ చీట్లూ వేసుకుని నిర్ణయించుకునే ‘పాడు’ పద్ధతిని మత్స్యకార ఊళ్లు తరాలుగా నడిపాయి. దాన్ని ఏ కలెక్టరూ రాసిపెట్టలేదు. ఆ వంతుల్లో యానాదులకు చోటు దక్కలేదన్నది వేరే అన్యాయం. దాన్ని దాచనక్కర్లేదు.

మన దేశంలో ఇలాంటివి లేవన్న మాట ఇంకా బలహీనం. 1966లో మిజో కొండల్లో తిరుగుబాటు లేచింది. భారత వైమానిక దళం ఐజ్వాల్ మీద దాడి చేసింది. ఇరవై ఏళ్ల తర్వాత, 1986 జూన్ 30న, లాల్‌డెంగా నాయకత్వంలోని మిజో నేషనల్ ఫ్రంట్‌తో కేంద్రం ఒప్పందం చేసుకుంది. మరుసటేడు మిజోరం రాష్ట్రమైంది. భూమి యాజమాన్యం, ఆచారాలు, సంప్రదాయ చట్టం విషయాల్లో అక్కడి శాసనసభ ఒప్పుకుంటే తప్ప పార్లమెంటు చట్టాలు వర్తించవని 371జి అధికరణం చెబుతుంది. నాగాలతో 1960లో కుదిరిన పదహారు అంశాల ఒప్పందం నుంచి నాగాలాండ్ రాష్ట్రం, 371ఎ అధికరణం వచ్చాయి. వీటి వల్ల దేశం ముక్కలు కాలేదు, నిజానికి అతుక్కుంది. ఆదివాసులతో ఒప్పందమంటే వేర్పాటువాదమని భయపడేవాళ్లు మన రాజ్యాంగం ఇరవై ఒకటో భాగం ఒకసారి తిరగేస్తే చాలు.

అలాంటి రాయబారాలు ఈశాన్యానికే పరిమితం అనుకుంటే తెలుగునేల పటం చూడండి. 1879లో రంప కొండల్లో ఫితూరీ లేచింది. చిగురుపన్ను పేరుతో కల్లు మీద పడిన భారం, పోలీసుల పీడన, మైదానపు వర్తకుల కోర్టు దావాలు దానికి కారణాలు. తిరుగుబాటును అణచాక మద్రాసు ప్రభుత్వం కొండల మీద పెత్తనం చేసిన మున్సబుదారును తీసేసి, అక్కడి ఊళ్ల గుంపుల (ముఠాల) పెద్దలైన ముఠాదారులకు నేరుగా సనదులు (హక్కుపత్రాలు) ఇచ్చింది. ముఠా నీది, కట్టుబడి (కప్పం) చెల్లించు, శాంతి కాపాడు అన్నది వాటి సారం. పేరు సనదు అయినా లోపల ఉన్నది రెండు వైపుల షరతులే. ఏజెన్సీలో గిరిజనుల భూమి ఇతరులకు పోకుండా 1917లో చట్టం వచ్చింది. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడితో మొదలై అల్లూరి సీతారామరాజు పోరు 1924 దాకా నడిచింది. తెలంగాణలో 1940లో జోడేఘాట్ దగ్గర గోండు నాయకుడు కొమరం భీం పోరాడి నేలకొరిగాక, నిజాం ప్రభుత్వం గోండుల స్థితి తెలుసుకోమని మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పంపింది. ఆ దశాబ్దంలోనే గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక నిబంధనలు చేసింది. శ్రీకాకుళం కొండల్లో సాయుధ పోరాటం నడుస్తుండగానే 1970లో ఒకటో నిబంధన వచ్చి, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా బిగించింది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధన ఆధారంగానే, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల లీజు ఇవ్వడం ప్రభుత్వానికి కూడా కుదరదని తేల్చింది.

ఈ తేదీల పక్కన నెల్లూరు తీరాన్ని పెట్టి చూడండి. గిరిజన ప్రాంతాలకు రక్షణనిచ్చే రాజ్యాంగపు అయిదో షెడ్యూలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఒక్క గజం కూడా లేదు. ఆ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం ఇక్కడ లేదు. సమత తీర్పు ఇక్కడి భూమికి వర్తించదు. రాష్ట్రంలో అతిపెద్ద గిరిజన సమూహాల్లో ఒకటైన యానాదులు ఎక్కువగా ఉండేది ఇక్కడే అయినా, షెడ్యూలు గీత వాళ్లను దాటి పోయింది. గిరిజనుల అవసరాన్ని బట్టి గీసిన గీత అయితే అలా పోయేది కాదు. ఫితూరీలు లేచిన కొండలను చుట్టుకుంటూ ఆ గీత పాకింది. పొలాల గట్ల మీద, ఆసాముల దొడ్ల వెనుక నాలుగైదు గుడిసెలుగా చెదిరి బతికిన యానాదులు తుపాకీ పట్టలేదు. వాళ్లకు సనదుకు బదులు నేరస్థ తెగల చట్టం దక్కింది. 1871 నాటి ఆ చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించాక, వేలిముద్రలు ఇచ్చి పోలీసుల దగ్గర హాజరు వేయించుకునే బతుకు వాళ్లలో చాలామందికి వచ్చింది. నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య యానాది సంఘం పెట్టి ఏళ్ల తరబడి పోరాడింది ఈ మచ్చ చెరపడానికే. ప్రభుత్వం వాళ్ల వేలిముద్ర తీసుకుంది, కానీ ఒప్పందం మీద కాదు.

వాళ్ల నేల మాత్రం ఒప్పందాల్లో చేతులు మారుతూనే ఉంది. 1801 జులైలో ఆర్కాటు నవాబు నెల్లూరుతో సహా తన రాజ్యాన్ని కంపెనీకి రాసిచ్చి, నికర రాబడిలో అయిదో వంతు తనకు ఉంచుకున్నాడు. 1802లో వెంకటగిరి లాంటి జమీందారీలకు శాశ్వత సనదులు వచ్చాయి. నవాబుకు వంతు, జమీందారుకు సనదు, కంపెనీకి నేల. అడవినీ వాగునీ వాడుకుంటున్నవాడి పేరు ఏ కాగితంలోనూ పడలేదు.

తర్వాతి మలుపు 1969. తూర్పు తీరం, భూమధ్యరేఖకు దగ్గర, జనం పలచన. రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎంచుకోవడానికి ఇవీ కారణాలు. సుమారు 43,360 ఎకరాలు సేకరించారు. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. ద్వీపంలోని ఊళ్లు ఖాళీ అయ్యాయి. యానాదుల్లో కొందరు కేంద్రం పనుల్లో కూలీలుగా కుదిరారు, చాలామంది ఒడ్డు దాటి వచ్చారు. అప్పటి 1894 భూసేకరణ చట్టం దృష్టి పట్టా ఉన్నవాడి మీదే. వేటకీ తేనెకీ చిరివేరుకీ పట్టా ఎక్కడ ఉంటుంది? రాకెట్ల మీద ఎవరికీ కోపం లేదు. శ్రీహరికోట దేశానికి గర్వకారణమే. దేశం కోసం వాళ్లు ఇచ్చారు కదా అనే మాట దగ్గరే పేచీ. ఇవ్వడం అంటే ముందు అడగడం జరగాలి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. ఎదురు తిరిగితేనే ఒప్పందం దొరుకుతుందంటే యానాదులను తిరుగుబాటు చేయమంటారా అని. అడగందే అమ్మైనా పెట్టదన్నది మన సామెత, కానీ అడగడానికి తుపాకీ ఒక్కటే మార్గం కాదు. వాషింగ్టన్ జాలర్లు వలలతో, లాయర్లతో గెలిచారు. ఒడిశాలో నియమగిరి కొండ మీద 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో పన్నెండు గ్రామసభలు జరిగితే, పన్నెండూ వేదాంత కంపెనీ బాక్సైట్ తవ్వకాన్ని కాదన్నాయి. ఆ కొండ మీద బతికే డోంగ్రియా కోందుల దగ్గర అప్పుడు ఉన్న బలం చట్టం, ప్రచారం, ఒక్క మాట మీద నిలబడటం. అవతలివాడికి మన అనుమతి అవసరమయ్యే స్థితి తెచ్చుకోవడమే బలం. ఆ స్థితి నెల్లూరు తీరంలో ఇప్పుడు లేదని చెప్పడానికి లేదు. 2011 జనగణన నాటి నెల్లూరు జిల్లాలో ప్రతి పది మందిలో ఒకరు దాదాపుగా గిరిజనులు. తీరం వెంట రొయ్యల గుంటలు వాళ్ల కాపలా మీద, వాళ్ల చాకిరీ మీద నడుస్తున్నాయి. పర్యావరణ అనుమతి కావలసిన పెద్ద ప్రాజెక్టుకు ప్రజాభిప్రాయ సేకరణ తప్పదు. కోర్టు తలుపులు తెరిచే ఉన్నాయి.

రాతపూర్వక హామీ విలువ ఏమిటో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులో దుగరాజపట్నం దగ్గర కేంద్రం పెద్ద ఓడరేవు కడుతుందని, మొదటి దశ 2018 చివరికి పూర్తవుతుందని రాసి ఉంది. రేవు రాలేదు. దగ్గర్లో శ్రీహరికోట ఉండటం కూడా అడ్డంకుల్లో ఒకటైంది. ఆ షెడ్యూలు చేతిలో పట్టుకుని ఏ పార్టీ ప్రభుత్వమైనా ఢిల్లీని నిలదీసింది, నిలదీయడం న్యాయమే కూడా. అదే ప్రభుత్వం అదే మండలంలోని యానాది కాలనీకి హామీ ఇచ్చేటప్పుడు నోటిమాట చాలని ఎలా అనుకుంటుంది?

ఇప్పుడు దుగరాజపట్నం వైపు నౌకానిర్మాణ కేంద్రం మాట నడుస్తోంది. సమయం ఇదే, ఎందుకంటే నేలా నీరూ కావలసింది ప్రభుత్వానికి. చట్టాల్లో ఆసరా కూడా ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డు ప్రాంతాలకే పరిమితం కాదు. చేపలు, ఇతర జల వనరుల మీద సామూహిక హక్కును అది పేరుపెట్టి గుర్తిస్తుంది, అభయారణ్యాలూ దాని పరిధిలోకి వస్తాయి. 2013 భూసేకరణ చట్టం అడవి మీదా నీటి వనరుల మీదా బతికే కుటుంబాలను, చేపలు పట్టేవాళ్లతో సహా, పట్టా లేకపోయినా బాధిత కుటుంబాలుగానే లెక్కిస్తుంది. 1969లో ఈ రెండూ లేవు.

అయితే చట్టం ఉండటం వేరు, ఒప్పందం ఉండటం వేరు. చట్టాన్ని ఒక పక్షమే రాస్తుంది, ఒక పక్షమే సవరించగలదు. ఒప్పందానికి రెండో సంతకం కావాలి, దాన్ని ఒంటరిగా మార్చడానికి వీల్లేదు. కనుక మొదటి లారీ మట్టి దిగకముందే వాకాడు, పక్క మండలాల యానాది కాలనీల సభలు, మత్స్యకార ఊళ్ల పెద్దలు ఒక వైపు, ప్రభుత్వం, ప్రాజెక్టు కంపెనీ ఇంకో వైపు కూర్చుని రాసుకోవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. సముద్రానికీ సరస్సుకీ వెళ్లే దారులు ఏవి మూయకూడదో సర్వే నంబర్లతో రాయాలి. ఏ నీటిలో వల వేసే హక్కు ఎవరికి ఉంటుందో, పాత పాడు వంతుల్లో చోటు దక్కని యానాదులకు ఎంత వాటా వస్తుందో రాయాలి. కాపలా, కూలీ పనులకే కాక, శిక్షణ ఇచ్చి పెట్టుకునే ఉద్యోగాల్లో ఎన్ని వాళ్లవో రాయాలి. ఏటా ఇచ్చే సొమ్ము రాబడితో పాటు పెరగాలని రాయాలి, రాబిన్సన్ హ్యూరాన్ కాగితంలో నాలుగు డాలర్ల దగ్గర గడ్డకట్టినట్టు గడ్డకట్టకుండా. మాట తప్పితే ఏ కోర్టుకు వెళ్లాలో, ఎవరు ఎంత కట్టాలో రాయాలి. ఈ కాగితం తెలుగులో ఉండాలి, సభలో చదివి వినిపించాలి, ఒక ప్రతి కాలనీ దగ్గరే ఉండాలి. సంతకాలన్నీ అయ్యాకే భూసేకరణ నోటిఫికేషన్ రావాలి.